సంతకం తర్వాత: సంస్థల కొనుగోళ్లలో ఒప్పందాల నిర్వహణకు ముందస్తు ప్రణాళిక
(స్మారకోపన్యాస పాఠం)

ధర్మనిధి ఉపన్యాసాలకు సాహిత్యమో చరిత్రో తత్వమో విషయం కావడం తెలుగునాట ఆనవాయితీ. ఆ ధర్మనిధిని ఖర్చు పెట్టే తీరు, అంటే సంస్థలు వస్తువులనూ సేవలనూ కొనే విధానం, మాత్రం గుమాస్తాల ఫైళ్లకూ ఆడిట్ అభ్యంతరాలకూ పరిమితమై, పండిత చర్చకు దూరంగానే ఉండిపోయింది. పాఠశాల గాని, ఆస్పత్రి గాని, గ్రంథాలయం గాని, వసతిగృహం గాని తనది కాని సొమ్ముతో తాను వాడని వస్తువును కొంటుంది. సొమ్ము దాతది, పన్ను కట్టిన పౌరుడిది, లేదా ఫీజు చెల్లించిన విద్యార్థిది. వాడుకునేది రోగి, పాఠకుడు, విద్యార్థి. ఈ ఇరువురి మధ్య నిలిచి సంతకం చేసే అధికారి ఇరువురికీ ధర్మకర్త వంటివాడు కనుక, కొనుగోలు ఒప్పందాన్ని అతడు ఎలా నడిపిస్తాడన్నది కేవలం కార్యాలయ వ్యవహారం కాదు, నైతిక బాధ్యత కూడా.

ఈ ఉపన్యాసం ప్రతిపాదించే విషయం ఇది: సంస్థలు తమ జాగ్రత్తనంతా సరఫరాదారును ఎంచుకోవడంలోనే వెచ్చించి, ఎంపిక ముగిసిన తర్వాత నడిచే ఏడాదినో మూడేళ్లనో ఎవరి పర్యవేక్షణా లేకుండా వదిలేస్తున్నాయి, నష్టం ఎక్కువగా జరిగేది ఆ వదిలేసిన కాలంలోనే, అందువల్ల ఒప్పందాన్ని ఎవరు, ఎప్పుడు, ఎలా కనిపెట్టి ఉంటారన్న ప్రణాళిక టెండరు ప్రకటన వెలువడక ముందే రాతపూర్వకంగా సిద్ధం కావాలి.

1. పరిధి, పరిభాష

ఇక్కడ సంస్థాగత కొనుగోలు అంటే వ్యక్తి తన అవసరానికి చేసే కొనుగోలు కాక, నియమావళికీ లెక్కల తనిఖీకీ లోబడి ఒక సంస్థ చేసే కొనుగోలు. సరఫరాదారు అంటే వస్తువు ఇచ్చేవాడే కాదు; పారిశుధ్యం, కాపలా, భోజనం, లిఫ్టు మరమ్మతు వంటి సేవలు అందించేవాడు కూడా. ఒప్పంద నిర్వహణ అంటే సంతకం నాటి నుంచి చివరి బిల్లు చెల్లించి, పూచీకత్తు సొమ్ము తిరిగి ఇచ్చే నాటి వరకు ఇరుపక్షాల బాధ్యతలు నెరవేరుతున్నాయో లేదో చూస్తూ, తప్పినప్పుడు సకాలంలో స్పందించే పని.

ఈ చర్చకు హైదరాబాదులోని అబిడ్స్, నాంపల్లి ప్రాంతాల కంటే తగిన స్థలం దొరకడం కష్టం. కొనే సంస్థలూ అమ్మే బజార్లూ ఇక్కడ పక్కపక్కనే ఉన్నాయి. అబిడ్స్‌లో జనరల్ పోస్టాఫీసు, తిలక్ రోడ్డులో తెలంగాణ సారస్వత పరిషత్తు, 1918లో మొదలైన రెడ్డి హాస్టల్; నాంపల్లి వైపు పబ్లిక్ గార్డెన్స్, రైల్వే స్టేషన్, పబ్లిక్ సర్వీస్ కమిషన్ కార్యాలయం, ఎగ్జిబిషన్ మైదానం; కాస్త ముందుకు వెళితే రెడ్‌హిల్స్ పరిసరాల్లో నీలోఫర్ ఆస్పత్రి, ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రి. వీటికి నడక దూరంలోనో ఆటో దూరంలోనో విద్యుత్తు, శానిటరీ సామగ్రికి ట్రూప్ బజార్, మొబైల్ ఫోన్లకు జగదీశ్ మార్కెట్, ఎలక్ట్రానిక్ వస్తువులకు గుజరాతీ గల్లీ, కిరాణా టోకు వ్యాపారానికి బేగంబజార్ ఉన్నాయి. ఇంత దగ్గరి బజారు కొనుగోలుదారుకు సౌకర్యాన్నీ ప్రమాదాన్నీ ఒకేసారి తెచ్చిపెడుతుంది. ఫోను చేస్తే గంటలో సరుకు వస్తుందన్న ధీమా వల్ల ఒప్పందాన్ని రాతలో పెట్టే అలవాటు సన్నగిల్లుతుంది, ముఖపరిచయం రికార్డు స్థానాన్ని ఆక్రమిస్తుంది.

2. చరిత్ర చెప్పే రెండు పాఠాలు

అబిడ్స్‌కు ఆ పేరు ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ కొలువులో ఆంతరంగిక సేవకుడిగా ఉన్న ఆల్బర్ట్ ఆబిద్ అనే ఆర్మేనియన్ అక్కడ నడిపిన దుకాణం నుంచి వచ్చింది. ఆ ఆబిద్ మధ్యవర్తిగా నడిచిన ఒక కొనుగోలు, ఒప్పంద నిర్వహణలో ఉండకూడని లోపాలన్నిటికీ ఉదాహరణగా చెప్పదగినది. 1891లో అలెగ్జాండర్ మాల్కమ్ జేకబ్ అనే రత్నాల వ్యాపారి, ఈనాడు జేకబ్ వజ్రంగా పిలిచే సుమారు 184 క్యారెట్ల వజ్రాన్ని నిజాముకు అమ్మజూపాడు. 46 లక్షల రూపాయల ధర మాట మీద సగం, అంటే 23 లక్షలు, ముందే జమ అయ్యాయి. తీరా వజ్రం చేతికి వచ్చాక నిజాము దాన్ని వద్దన్నాడు. చూసి నచ్చితేనే కొనే షరతు మీద ఆ సొమ్ము కేవలం ధరావత్తుగా ఇచ్చామని ఒక పక్షం, అమ్మకం కుదిరిన మీదట ధరలో భాగంగానే అందిందని మరో పక్షం వాదించాయి. వ్యవహారం కలకత్తా హైకోర్టుకు ఎక్కింది. అదే ఏడాది డిసెంబరులో జేకబ్ నిర్దోషిగా బయటపడ్డాడు, వజ్రం చివరకు నిజాము వద్దనే ఉండిపోయింది. 1995లో భారత ప్రభుత్వం నిజాం ఆభరణాలను 218 కోట్ల రూపాయలకు కొన్నప్పుడు ఈ వజ్రమూ వాటిలో భాగమైంది.

రాజదర్బారు కథగా కాక కొనుగోలు ఫైలుగా చదివితే ఈ వివాదంలో మూడు లోపాలు బయటపడతాయి. ముందస్తు చెల్లింపు ఏ హోదాలో ఇచ్చినదో, సరుకు నచ్చకపోతే ఎన్ని రోజుల్లో ఎలా తిరిగి రావాలో రాతలో నిర్ద్వంద్వంగా లేదు. అంగీకార పరీక్షకు, అంటే వచ్చిన సరుకు అనుకున్న ప్రమాణానికి సరిపోయిందని నిర్ణయించే పద్ధతికి, కొలమానం కొనుగోలుదారు ఇష్టం తప్ప మరొకటి లేదు. యజమానికి నమ్మకస్థుడైన మధ్యవర్తికి అమ్మకందారుతో ఉన్న ఆర్థిక సంబంధం ముందుగా వెల్లడి కాలేదు. నేటి సంస్థల వివాదాల్లో సొమ్ము పరిమాణం వేరైనా కారణాలు ఈ మూడింటికి దగ్గరగానే ఉంటాయి.

రెండో పాఠం అంతకు ముందరిది. 1853లో దివాను అయిన మొదటి సాలార్‌జంగ్ నాటికి నిజాం రాజ్యంలో భూమిశిస్తు వసూలు చాలాచోట్ల కాంట్రాక్టుదారుల చేతుల్లో ఉండేది. వారు ఖజానాకు కట్టే మొత్తం ముందే ఖరారయ్యేది గాని, రైతు నుంచి ఎంత, ఎలా వసూలు చేస్తున్నారన్న దానిపై సర్కారుకు పట్టు లేదు. సాలార్‌జంగ్ క్రమంగా ఈ పద్ధతిని తొలగించి, 1865లో జిల్లాబందీ ద్వారా జీతగాళ్లయిన అధికారులతో జిల్లా పాలనను ఏర్పరిచాడు. పర్యవేక్షించే శక్తి లేని పనిని కాంట్రాక్టుకు ఇవ్వడం కంటే సొంత ఉద్యోగులతో చేయించుకోవడమే మేలన్న నిర్ణయం అందులో ఉంది. కొనుగోలు ప్రణాళికలో మొదటి ప్రశ్న కూడా ఇదే కావాలి: ఈ పనిని బయటివారికి ఇస్తే, వారు చేసినదాన్ని కొలిచే సామర్థ్యం సంస్థలో ఉందా?

3. నియమాల బలం, వాటి ఖాళీ

స్వతంత్ర భారతంలో కొనుగోలు నియమాలు ఎంపిక దశను చాలావరకు కట్టుదిట్టం చేశాయి. కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నిబంధనలు 2017లో వెలువడినప్పుడు, 25 వేల రూపాయల వరకు కొటేషన్లు లేకుండా, ఆపైన రెండున్నర లక్షల వరకు స్థానిక కొనుగోలు కమిటీ ద్వారా, 25 లక్షలు, అంతకు మించితే బహిరంగ టెండరు ద్వారా కొనాలన్న మెట్లు నిర్దేశించాయి. హైదరాబాదు కేంద్రంగా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2003లో ఈ-ప్రొక్యూర్‌మెంట్ వేదికను ప్రారంభించి, టెండరు పెట్టెల దగ్గర జరిగే బెదిరింపులకూ కుమ్మక్కులకూ చాలావరకు అడ్డుకట్ట వేసే దారి చూపింది. 2016 ఆగస్టులో కేంద్రం జెమ్ పేరిట ఆన్‌లైన్ మార్కెట్టును తెరిచింది. ఈ సంస్కరణలన్నీ విలువైనవే. అయితే వీటి దృష్టి ప్రధానంగా ఎల్-1, అంటే అతి తక్కువ ధర కోట్ చేసిన అర్హుడు, ఎవరన్న ప్రశ్న మీద నిలిచింది.

సంతకం తర్వాతి కాలం గురించి అదే 2017 నిబంధనల్లో 226వ నియమం క్లుప్తంగా చెబుతుంది: ఒప్పందం అమలును గట్టిగా పర్యవేక్షించాలి, ఉల్లంఘన జరిగిన వెంటనే నోటీసు ఇవ్వాలి, బ్యాంకు గ్యారంటీలను భద్రపరిచి గడువులు గమనించే పద్ధతి ఉండాలి. ఈ కొద్ది మాటలను సంస్థలు తమ సొంత కార్యప్రణాళికగా విస్తరించుకోవాలి. ట్రస్టులకూ సొసైటీలకూ కేంద్ర నిబంధనలు నేరుగా వర్తించకపోయినా వాటిని నమూనాగా తీసుకోవడానికి ఆటంకం లేదు. పాత హైదరాబాదు రాజ్యపు 1350 ఫసలీ చట్టం కింద గాని, తర్వాతి 2001 చట్టం కింద గాని నమోదైన సొసైటీలు, ఒప్పందంపై సంతకం చేసే అధికారం తమ నియమావళి ప్రకారం ఎవరికి ఉందో, ఎంత మొత్తం వరకు ఉందో ముందుగా తీర్మానంలో నమోదు చేసుకోవడం తప్పనిసరి. ప్రభుత్వ శాఖలయితే రాజ్యాంగం 299వ అధికరణ చెప్పినట్టు రాష్ట్రపతి లేదా గవర్నరు పేరిటే ఒప్పందం చేసుకోవాలి.

4. ఏ ఒప్పందానికి ఎంత శ్రద్ధ?

ఏ సంస్థా తన ఒప్పందాలన్నిటినీ ఒకే తీరున గమనించలేదు. అందువల్ల ప్రణాళికలో మొదటి పని వర్గీకరణ. 1983లో పీటర్ క్రాల్జిచ్ హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో ప్రచురించిన వ్యాసం, కొనే వస్తువులను రెండు ప్రమాణాలతో చూడమంది: సంస్థకు ఆ వస్తువు ఎంత ముఖ్యం, దాని సరఫరా ఆగిపోయే ప్రమాదం ఎంత. రెండూ తక్కువైన తెల్లకాగితం, పెన్నుల వంటివాటికి ఏడాదికి ఒక రేటు కాంట్రాక్టు చాలు. రేటు కాంట్రాక్టు అంటే పరిమాణం ముందే ఖాయం చేయకుండా ధరను మాత్రం నిర్ణీత కాలానికి ఖరారు చేసుకుని, అవసరమైనప్పుడల్లా ఆర్డరు ఇచ్చే ఏర్పాటు. రెండూ ఎక్కువైన ఆక్సిజన్, క్యాన్సర్ మందులు, రేడియేషన్ యంత్రాల నిర్వహణ వంటివాటికి ప్రత్యామ్నాయ సరఫరాదారు పేరు కూడా ముందే ఫైలులో ఉండాలి.

ఈ వర్గీకరణలో తరచూ జరిగే పొరపాటు ఒప్పందం విలువనే ప్రాముఖ్యంగా భావించడం. నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో 2019 జనవరి 30 రాత్రి చెలరేగిన అగ్నిప్రమాదం ఏటా అక్కడ జరిగే నుమాయిష్ ప్రదర్శనలోని దుకాణాలను పెద్దసంఖ్యలో బూడిద చేసింది. 1938లో మొదలై దశాబ్దాలుగా నడుస్తున్న ఆ ప్రదర్శన అనుభవం, జనం గుమికూడే ప్రతి సంస్థకూ హెచ్చరిక. అగ్నిమాపక సిలిండర్లు నింపడం, తీగల తనిఖీ, నీటి పంపు నిర్వహణ వంటి ఒప్పందాల విలువ ఏడాది ఖర్చులో అత్యల్పం కావచ్చు, వాటి వైఫల్యానికి మాత్రం ఏ పరిహారమూ సరిపోదు. అందుచేత రూపాయల్లో చిన్నవైనా ప్రాణాలతో ముడిపడిన ఒప్పందాలను మొదటి వర్గంలోనే చేర్చాలి.

5. ప్రణాళికలో ఉండవలసినవి

వర్గీకరణ తర్వాత ప్రతి ముఖ్య ఒప్పందానికీ రెండు మూడు పేజీలకు మించని నిర్వహణ ప్రణాళిక అవసరం. ఒప్పందానికి పేరుతో బాధ్యుడైన ఉద్యోగి ఒకరుండాలి. కొనుగోలు విభాగం, స్టోరు, లెక్కల విభాగం, వాడుకునే విభాగం అన్న నలుగురికీ చెందినది చివరకు ఎవరికీ చెందకుండా పోతుంది. ఆ బాధ్యుడు వాడుకునే విభాగం నుంచే రావడం మంచిది, ఎందుకంటే భోజనం రుచీ పరుపు మందమూ పరికరం పనితీరూ అతడికే ముందు తెలుస్తాయి. అతడు బదిలీ అయితే ఒప్పందం పత్రాలు, పెండింగ్ విషయాల పట్టిక, గ్యారంటీ గడువుల జాబితా కొత్తవారికి అప్పగించి సంతకాలు తీసుకునే విధానం ఉండాలి.

ప్రమాణం కొలవగలిగేదిగా ఉండాలి. పారిశుధ్యం సంతృప్తికరంగా ఉండాలి అని రాస్తే ఎవరి సంతృప్తి అన్న ప్రశ్న మిగులుతుంది; మరుగుదొడ్లను రోజుకు ఎన్నిసార్లు, ఏ సమయాల్లో శుభ్రం చేయాలో, ఎంతమంది సిబ్బంది ఏ షిఫ్టులో ఉండాలో రాస్తే తనిఖీ సాధ్యమవుతుంది. టెండరు పత్రం రాసేటప్పుడే ప్రతి షరతు పక్కన దాన్ని ఎవరు ఎలా పరీక్షిస్తారో రాసి చూస్తే, పరీక్షించలేని షరతులు వాటంతటవే బయటపడతాయి. వాటిని మార్చాలి, లేదా తీసేయాలి. నిర్వహణ ప్రణాళిక టెండరుకు ముందే ఉండాలనడానికి అసలు కారణం ఇదే.

ఆలస్యం జరిగినప్పుడు మౌనం వహించడం చట్టపరంగా ఖరీదైన అలవాటు. 1872 భారత ఒప్పందాల చట్టంలోని 55వ సెక్షన్ ప్రకారం, గడువు ముఖ్యమైన ఒప్పందంలో ఆలస్యంగా వచ్చిన సరుకును అంగీకరించేవారు, ఆ అంగీకార సమయంలోనే పరిహారం కోరే ఉద్దేశాన్ని తెలియజేయకపోతే ఆలస్యానికి పరిహారం అడిగే హక్కును కోల్పోతారు. జూన్‌లో రావలసిన హాస్టల్ మంచాలు ఆగస్టులో వస్తే, చలాను మీద సంతకం చేసి దింపుకున్న వార్డెన్ నోటీసు ఇవ్వని పక్షంలో సంస్థ చేతిలోని ఆయుధాన్ని తానే వదిలేసినట్టు. అలాగే ఆలస్యానికి ముందే నిర్ణయించిన మొత్తాన్ని వసూలు చేసే షరతు ఉన్నా, 74వ సెక్షన్ కింద దక్కేది ఆ మొత్తానికి మించని సహేతుక పరిహారమే. 2015లో కైలాశ్‌నాథ్ అసోసియేట్స్ కేసులో సుప్రీంకోర్టు నష్టం జరగడాన్ని ఈ సెక్షన్‌కు అవసరమైన అంశంగా స్పష్టం చేసింది కనుక, ఆలస్యం వల్ల ఏ పని ఆగిందో, బయట ఎంతకు కొనవలసి వచ్చిందో ఆ రోజునే నమోదు చేసిన రిజిస్టరే తర్వాత సాక్ష్యమవుతుంది.

సంస్థ సొంత బాధ్యతల్లో మొదటిది చెల్లింపు. 2006 సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల చట్టం ప్రకారం సూక్ష్మ లేదా చిన్న సంస్థకు చెల్లింపు గడువు ఒప్పందంలో ఏమి రాసుకున్నా 45 రోజులు మించకూడదు. మించితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతల చొప్పున నెలనెలా చక్రవడ్డీ పడుతుంది. సరుకు అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే అందిన రోజే అంగీకరించిన రోజుగా లెక్కకు వస్తుంది. కేవలం కొని అమ్మే వ్యాపారులకు 2021లో ఇచ్చిన నమోదు ప్రాధాన్య రంగ రుణాలకే పరిమితం గనుక, బజారులోని ప్రతి దుకాణానికీ ఈ రక్షణ ఉండదు. అయినా చెల్లింపులో జాప్యం చేసే సంస్థకు మంచి సరఫరాదారులు దూరమవుతారు; మిగిలినవారు ఆ జాప్యాన్ని ముందే ధరలో కలుపుకుంటారు. బిల్లు ఏ రోజు వచ్చింది, ఏ బల్ల దగ్గర ఎన్ని రోజులుంది అన్న లెక్క నిర్వాహక మండలికి నెలనెలా అందడం వల్ల ఈ అదృశ్య ధర తగ్గుతుంది.

వివాద పరిష్కారపు షరతులను పాత నమూనా నుంచి యథాతథంగా దించుకోవడం ప్రమాదకరం. సంస్థ ప్రిన్సిపాలో కార్యదర్శో ఏకైక మధ్యవర్తిగా తీర్పు చెబుతారన్న పాత షరతు, 1996 ఆర్బిట్రేషన్ చట్టానికి 2015లో చేసిన సవరణ తర్వాత చెల్లదు. వివాదంలోని పక్షానికి ఉద్యోగి అయినవారు, వివాదం తలెత్తాక ఇరుపక్షాలూ రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప, మధ్యవర్తిగా ఉండటానికి అనర్హులు.

చివరగా ముగింపు ప్రణాళిక. ఒప్పందం గడువు ముగియడానికి ఆరు నెలల ముందే తదుపరి టెండరు పని మొదలుకాకపోతే, పాత సరఫరాదారుకే నెలనెలా పొడిగింపు ఇవ్వక తప్పని పరిస్థితి వస్తుంది. పోటీ లేని ఆ పొడిగింపులే అనుమానాలకూ ఆడిట్ అభ్యంతరాలకూ నెలవు. సాఫ్ట్‌వేర్ సేవల విషయంలో సమాచారం ఏ రూపంలో తిరిగి అప్పగించాలో, యంత్రాల విషయంలో విడిభాగాలు ఎన్నేళ్లు దొరకాలో మొదటి రోజే రాసి ఉండాలి.

6. మందుల కొనుగోళ్లు: నిర్వహణ ఫలించిన తీరు

సంతకం తర్వాతి పర్యవేక్షణ ఎంత మార్పు తెస్తుందో చూపడానికి మరో దక్షిణాది రాష్ట్రం అనుభవం చాలు. 1994లో ఏర్పడిన తమిళనాడు వైద్య సేవల సంస్థ, మందులను కేంద్రీకృతంగా టెండరు ద్వారా కొనడంతో ఆగలేదు. సరుకును జిల్లా గిడ్డంగుల్లో దించుకుని, నమూనాలపై తయారీదారు పేరు తెలియకుండా కోడ్ సంఖ్య వేసి పరీక్షశాలలకు పంపి, నెగ్గిన సరుకునే విడుదల చేసే పద్ధతి పెట్టింది. ప్రతి ఆస్పత్రికీ పాస్‌బుక్కు ఇచ్చి, తన కేటాయింపులో ఎంత వాడుకుందో కనిపించేలా చేసింది. ప్రమాణాలు తప్పిన సంస్థలను నిర్ణీత కాలం పాటు బ్లాక్‌లిస్టులో, అంటే కొనుగోళ్లకు అనర్హుల జాబితాలో, చేర్చింది. అనేక రాష్ట్రాలు ఈ నమూనాను అనుసరించాయి; తెలంగాణలో కోఠి నుంచి పనిచేసే వైద్య సేవల, మౌలిక సదుపాయాల అభివృద్ధి సంస్థ కూడా ఈ కేంద్రీకృత కొనుగోలు పద్ధతికి చెందినదే.

అటువంటి కట్టుబాటు సడలితే ఏమవుతుందన్నదానికి కూడా తెలంగాణలోనే సందర్భం ఉంది. కార్మిక రాజ్య బీమా ఆస్పత్రులకూ డిస్పెన్సరీలకూ సంబంధించిన మందుల కొనుగోళ్లలో అక్రమాలు జరిగాయన్న ఆరోపణలపై 2019లో తెలంగాణ అవినీతి నిరోధక శాఖ కేసులు నమోదు చేసి అధికారులను అరెస్టు చేసింది. ఆ కేసుల న్యాయ నిర్ణయం న్యాయస్థానాలది. ఎంపిక నియమాలు ఎన్ని ఉన్నా, ఇండెంటు, అంటే సరుకు కోరుతూ పంపే పత్రం, అసలు అవసరానికి సరిపోలుతోందా, వచ్చిన సరుకు స్టాక్ రిజిస్టరులో ఎక్కిందా, ధర రేటు కాంట్రాక్టుతో సరిపోతోందా అన్న మూడు విషయాలను వేర్వేరు వ్యక్తులు నెలనెలా సరిచూస్తే అక్రమం ఏళ్ల తరబడి సాగే అవకాశం ఉండదన్నది మాత్రం ఏ సంస్థకైనా వర్తించే నిర్వహణ సూత్రం.

7. ముగింపు

ఇంత ప్రణాళిక చిన్న సంస్థలకు మోయలేని భారమన్న అభ్యంతరం సహజమే. కాని ఇక్కడ ప్రతిపాదించినది కొత్త విభాగమో ఖరీదైన సాఫ్ట్‌వేరో కాదు. ఒప్పందాలన్నిటి జాబితా, వాటిలో ప్రాణాలతోనూ నిత్య కార్యక్రమంతోనూ ముడిపడినవాటిని వేరుచేసిన గుర్తు, ఒక్కోదానికి బాధ్యుడి పేరు, గడువుల క్యాలెండరు, ఆలస్యాలూ లోపాలూ అదే రోజు రాసే రిజిస్టరు, చెల్లింపుల నెలవారీ లెక్క: ఒక గుమాస్తా, ఒక అల్మరా, ఒక క్యాలెండరు ఉన్న ఏ సంస్థకైనా ఇవి సాధ్యం. కనిష్ఠ ధర సాధించామన్న తృప్తి టెండరు రోజుతో ముగుస్తుంది. ఆ ధరకు రావలసిన వస్తువు రావలసిన తీరులో వచ్చిందా అన్నదే దాతకూ పౌరుడికీ చెప్పవలసిన సమాధానం.

కనుక విద్యా, వైద్య, సాంస్కృతిక సంస్థల నిర్వాహక మండళ్లకు ఈ ఉపన్యాసం చేసే విజ్ఞప్తి ఒక్కటి: రాబోయే ఆర్థిక సంవత్సరం నుంచి, నిర్వహణ ప్రణాళిక జతచేయని ఏ టెండరు ప్రతిపాదననూ ఆమోదించబోమని మండలి తీర్మానం చేయాలి, ఆ తీర్మానం అమలును ప్రతి మూడు నెలలకూ సమావేశపు కార్యసూచిలో చేర్చి సమీక్షించాలి.